వేములలంక పోస్టాఫీసులో పేరు లేని కార్డు

వేములలంక,
1896 జూన్ 8, సోమవారం

అక్కయ్యకీ బావగారికీ తమ్ముడు భీమరాజు నమస్కారాలు. ఇక్కడ నేను, నీ మరదలు సూరమ్మ, గేదె, ముగ్గురం బాగానే ఉన్నాం. మీరు కూడా అలాగే ఉన్నారని అనుకుని అసలు సంగతికి వస్తున్నాను.

ఇన్నాళ్ళూ నేను పొద్దున్నే పడవెక్కి పాలకొల్లు బియ్యం కొట్టుకి పోయి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరే గుమాస్తాని కదా. ఆ పని మానేశాను. మన ఊరికి సర్కారువారు పోస్టాఫీసు ఇచ్చారు. పోస్టుమాస్టరుని నేనే! ఆఫీసు ఎక్కడో కాదు, మన ఇంటి వీధి సావిట్లోనే. గోడకి ఉత్తరాల డబ్బా కూడా కొట్టారు. దానికి రోజూ నేనే స్వయంగా దుమ్ము తుడుస్తున్నాను.

అయితే ఇది ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలలు చూస్తారట. ఆ పైన నరసాపురం నుంచి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, అంతా రూల్సు ప్రకారం ఉంటే మనకే ఉంచుతారు. ఇంటి గొడవలు ఆఫీసులోకి వచ్చాయా, అంతే సంగతులు, మునసబు పల్లంరాజుగారింటికి మార్చేస్తారు. ఆయన అప్పుడే తన పశువుల కొట్టాం కడిగించి వెల్ల వేయించి కూర్చున్నాడు. ముప్పై యేళ్ళు వచ్చాయి నాకు. నన్ను ఒకరు 'పంతులుగారూ' అని పిలవడం ఈ వారంలోనే విన్నాను. దీన్ని ఎలా పోనిస్తాను, చెప్పు!

ఇక ఇంటి సంగతి. ఒకే చోట నేనూ సూరమ్మా పడడం కష్టమని మొదటి రోజే తేలిపోయింది. అందుకని ఇల్లు రెండు భాగాలు చేశాను. వీధివైపు నాది, పెరటివైపు తనది. మధ్య సున్నంతో గీత గీశాను. పగలు మా ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్ళో పెద్దలకి కూడా చెప్పేశాను.

సంచీ కట్టే వేళ అయింది. ఉంటాను.

నీ తమ్ముడు,
భీమరాజు, పోస్టుమాస్టరు


రాజమహేంద్రవరం,
జూన్ 14

తమ్ముడు భీమరాజుకి అక్క సుబ్బాయమ్మ ఏడుస్తూ రాసేది. దీవెనలు నువ్వు బుద్ధి తెచ్చుకున్నాక.

ఏరా, నీకేం పోయేకాలం వచ్చింది? తొమ్మిదేళ్ళు కాపురం చేసి, నీ మీద ఈగ వాలనివ్వని పిల్లతో ఇల్లు పంచుకుంటావా? పైగా ఊళ్ళో పెద్దలకి చెప్పావా? నీ ఉత్తరం మీ బావగారు చదివి వినిపిస్తుంటే నా చేతిలో చేట అలాగే జారిపోయింది. శేరు బియ్యం నేలపాలు.

ఆయన కండువా వేసుకుని వకీలుగారింటికి పరుగెత్తారు. మొగుడూ పెళ్ళాం ఒకే కప్పు కింద ఇల్లు పంచుకున్న దావా తానింతవరకూ చూడలేదన్నారట వకీలుగారు. నుయ్యి ఎవరి వాటాకి వచ్చింది, గేదె ఎవరిది, రాసి పంపమన్నారు. మీ బావగారు ఆ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని మరీ వచ్చారు. ఆయనకి చెప్పిన పని తప్ప మరొకటి తోచదు కదా.

ఆ పిల్ల నాకు కూతురి లాంటిది. రెండేళ్ళ కిందట వేసంగికి ఇక్కడికొచ్చి ఉన్నప్పుడు ఎంత పని చేసిపెట్టింది! ఏమైందో వెంటనే రాయి. నుయ్యి మాత్రం దానికే వదిలెయ్యి.

ఈ రాత మీద నీళ్ళ మరకలు నా కళ్ళవే.

సుబ్బాయమ్మ


వేములలంక,
జూన్ 22

అక్కయ్యకి నమస్కారాలు. ముందు కళ్ళు తుడుచుకో. పంపకాలూ లేవు, దావా లేదు. నుయ్యి ఇద్దరిదీ.

నీ ఉత్తరం శుక్రవారం పది గంటలకే సంచీలో వచ్చింది. నీ చేతిరాత చూడగానే పోల్చుకున్నాను. కానీ ఆఫీసు వేళలో సొంత ఉత్తరం చదవచ్చా? ముద్ర కొట్టి పక్కన పెట్టాను. సాయంత్రం ఐదింటికి తలపాగా తీసి, గీత దాటి అవతల నుంచుని, సంచీ మోసే రన్నరు బుల్లియ్య చేత నాకు నేనే బట్వాడా చేయించుకుని చదివాను. 'మీ చేతిలోనే ఉంది కదండీ, మళ్ళీ నేనివ్వడమేంటండీ?' అన్నాడు వాడు. వాడికి రూల్సు తెలియవు.

సంగతి ఇదీ. తలపాగా పెట్టుకుంటే నేను పోస్టుమాస్టరుని. తీస్తే సూరమ్మ మొగుణ్ణి. తలపాగా ఉన్నంతసేపు ఇంటి మాట నాతో ఎత్తకూడదు. ఎందుకంటావా? మొదటి రోజు లక్క కరిగిద్దామని కుంపటి అడిగితే, పాలు కాగుతున్నాయి ఆగమంది. సర్కారు లక్క పాల కోసం ఆగింది! రెండో రోజు ఉత్తరం కోసం వచ్చినవాళ్ళందరికీ ఎండన పడి వచ్చారని మజ్జిగ ఇచ్చింది. మూడో రోజుకి ఉత్తరాలు రెండు, మజ్జిగకి వచ్చినవాళ్ళు పదకొండుమంది. అప్పుడు గీశాను గీత.

ఆవిడ పొద్దున్నే లేచి నా గీతకి అటూ ఇటూ చుక్కలు పెట్టి ముగ్గు చేసేస్తోంది. పోనీలే అని ఊరుకున్నాను.

రూల్సు తనకీ పట్టుబడుతున్నాయి. మొన్న బుధవారం పెరట్లోంచి 'ఏవండీ, ఏవండీ' అని ఒకటే కేక. నేను తలపాగాలో ఉన్నాను. గీత దగ్గరికి వచ్చి వరసలో నుంచోమన్నాను. నలుగురి వెనక నుంచుంది, పాపం. తన వంతు వచ్చేసరికి, ఏ గేదె సంగతి చెప్పడానికి వచ్చిందో ఆ గేదె తాడు తెంపుకుని మొగల్తూరు దారిలో సగం దూరం పోయింది. అయినా వరస తప్పలేదు చూడు, అదీ క్రమశిక్షణ! గేదె రాత్రికి దొరికింది.

వకీలుగారికి నా నమస్కారాలు, క్షమాపణలు.

పోస్టుమాస్టరు భీమరాజు
(ఐదు దాటింది కనక వట్టి భీమరాజు)


రాజమహేంద్రవరం,
జూన్ 30

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు, రెండు మొట్టికాయలు.

వకీలుగారు నీ సంగతి విని చాలా చిన్నబుచ్చుకున్నారు. ఇలాంటి దావా మళ్ళీ దొరకదట.

ఇక్కడ నా పాట్లు విను. మీ బావగారికి ఆఫీసు మెట్ల మీద కాలు బెణికింది. వారం నుంచి ఇంట్లోనే. మంచం వంటింటి గుమ్మం ఎదురుగా వేయించుకున్నారు. చారులో మిరియం ఇప్పుడు వేస్తావేం, కూర మూత పెట్టలేదేం, చీపురు అక్కడ పెట్టావేం, ఇదే పని. ముప్పై యేళ్ళుగా నేను చారు కాస్తున్నాను, ఆయన తాగుతున్నారు. ఎలా కాస్తానో ఎన్నడైనా అడిగారా? నిన్న నా పోపు డబ్బాలో ఆవాలూ మెంతులూ అక్షరాల వరసన సర్ది పెట్టారు. ఆవాల కోసం వెతుక్కుంటుంటే నూనె మాడి ఇల్లంతా పొగ. మొగవాడు పగలు ఇంట్లో ఉంటే ఏమవుతుందో నాకిప్పుడు బాగా తెలిసింది. మా ఆయన ఇంట్లో ఉండి నా ప్రాణం తోడేస్తున్నారు. నువ్వు ఇంట్లో ఉండి దాని వైపు చూడనే చూడవు. ఏది నయమో ఆ దేవుడికే తెలియాలి.

పెళ్ళాం పిలిస్తే వరసలో నుంచోమన్నావా? నీ మొహం! సంచీలో వచ్చి ముద్ర పడితే తప్ప నీకేదీ చెవికెక్కదు కదా. అయితే సూరమ్మని కూడా కార్డు రాసి డబ్బాలో వెయ్యమను. గేదె ఫలానా రోజున పారిపోబోతోందని వారం ముందుగా రాస్తుంది. నువ్వు ముద్ర కొట్టుకుని, బట్వాడా చేయించుకుని, తీరిగ్గా చదువుకుందువుగాని.

ఆయన పిలుస్తున్నారు. పప్పులో గరిటె ఎటు తిప్పుతున్నానో చూడాలట.

సుబ్బాయమ్మ


వేములలంక,
జూలై 10

అక్కయ్యకీ, కాలు బెణికిన బావగారికీ నమస్కారాలు.

నీ ఉత్తరం సూరమ్మకి చదివి వినిపించాను. కార్డు మాట దగ్గర నాకు నవ్వాగలేదు, పొట్ట పట్టుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. కార్డు మీద ఎన్ని మాటలు పడతాయని అడిగి లోపలికి పోయింది. హాస్యం అర్థం కాదు పాపం.

ఇప్పుడు నా ఉద్యోగంలో జరిగిన ఒక ఘనకార్యం రాస్తాను. బావగారికి వివరంగా వినిపించు. ఏడో తారీకున డబ్బా తెరిస్తే అందులో ఒక కార్డు ఉంది. దాని మీద చిరునామా ఏంటో తెలుసా? 'మా ఇంట్లోవారికి, వేములలంక.' అంతే! పేరు లేదు. ఊళ్ళో నూట నలభై ఇళ్ళున్నాయి. ఏ ఇంట్లోవారికని ఇవ్వను? వెనక్కి తిప్పి చదివితే తెలిసేదేమో. కానీ ఒకరి కార్డు పోస్టుమాస్టరు చదవచ్చా? చచ్చినా చదవను. రాత వంకర టింకరగా ఉంది. మన ఊళ్ళో ఆడవాళ్ళకి రాయడం రాదు కనక ఎవడో మొగవాడే, అదీ తెలివితక్కువవాడే అయ్యుండాలి.

మూడు రోజులు గడువిచ్చాను. చిరునామా పైకి, రాసిన వైపు గోడకి ఉండేలా సావిట్లో మేకుకి తగిలించాను. వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను. మునసబుగారు కూర్చుని ఉండగా, గీత అవతల సూరమ్మ కనిపిస్తే కార్డు ఎత్తి చూపించి, 'ఇలా పేరు లేకుండా రాసే బుద్ధిహీనుడు ఈ ఊళ్ళో ఎవడై ఉంటాడంటావు?' అని కూడా అడిగాను. ఆవిడ కార్డు వంకా నా వంకా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మద్రాసులో డెడ్ లెటర్ ఆఫీసని ఒకటి ఉంది. ఎవరివో తెలియని ఉత్తరాలన్నీ అక్కడికి పోతాయి. ఇవాళ ఆ కార్డు లక్క ముద్ర వేసి దర్జాగా మద్రాసు పంపించేశాను. ఈ చుట్టుపక్కల ఏ పోస్టుమాస్టరైనా మూడు నెలలు నిండకుండా ఇంత పెద్ద వ్యవహారం నడిపాడా, కనుక్కోమను బావగారిని.

ఇంకో శుభవార్త. మూడు రోజులుగా సూరమ్మ నోరు మెదపడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నా పద్ధతి ఫలించింది.

భీమరాజు, పోస్టుమాస్టరు


రాజమహేంద్రవరం,
జూలై 17

ఒరేయ్ మొద్దూ!

దీవెనలకి ఇప్పుడు టైము లేదు. ఆ కార్డు నీ పెళ్ళానిది!

ఏ ఆడది మొగుడి పేరు రాస్తుందిరా? నోటితోనే అననిది చేత్తో రాస్తుందా? ముప్పై యేళ్ళయింది, నేనెన్నడైనా మీ బావగారి పేరెత్తగా విన్నావా? మా ఇంట్లో జగన్నాథస్వామికి దణ్ణం పెట్టాలన్నా 'ఆ పూరీలో ఉన్నాయనకి' అంటాను. అది మాత్రం ఏం రాస్తుంది? మా ఇంట్లోవారికి అని రాసింది. దాని ఇంట్లో ఉన్న వారెవరు? తలపాగా పెట్టుకుని ఎదురుగా కూర్చున్న గుమ్మటం లాంటి నువ్వు!

ఆడవాళ్ళకి రాయడం రాదా? ఆ వేసంగిలో రెండు నెలలు దాని చేత ఇసకలో అక్షరాలు దిద్దించింది నేను. ఆ వంకర టింకర నా చేతిదే. తొమ్మిదేళ్ళలో దాని చేతిరాత ఎలా ఉంటుందో నువ్వు ఒక్కసారైనా చూడలేదంటే సిగ్గు దానిది కాదు.

నేను వెటకారానికి రాసిన మాట అది నిజమనుకుంది. నీతో ఏదో చెప్పుకోవాలని ఎన్నాళ్ళు ఆలోచించి రాసిందో! నువ్వు దాన్ని మేకుకి తగిలించి, మునసబు ముందు బుద్ధిహీనుడన్నావు. అది నోరు మెదపకపోతే నీకు ప్రశాంతంగా ఉందా?

ఈ ఉత్తరం ఐదింటిదాకా ఆగకుండా చదువు. పైన 'అర్జెంటు' అని మీ బావగారి చేత ఎర్ర సిరాతో రాయించాను.

సుబ్బాయమ్మ


వేములలంక,
జూలై 28

అక్కయ్యా,

ఎర్ర సిరా చూసినా ఐదింటిదాకా ఆగాను. ఆగకుండా ఉండవలసింది. చదివాక, తీసిన తలపాగా మళ్ళీ పెట్టుకుని, అలాగే గీత దాటి వంటింట్లోకి పరుగెత్తాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.

'కార్డులో ఏం రాశావు?' అని అడిగాను.

'రాసింది మీరు మద్రాసు పంపారు కదా. తిరిగొచ్చాక చదువుకోండి' అంది.

'నోటితో చెప్పవే.'

'నోటితో చెబితే మీకు వినపడదు కదండీ. అందుకే గదా రాశాను.'

అంతే. ఆ తరవాత ఎన్నిసార్లు అడిగినా బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చుంది.

మద్రాసుకి అర్జీ రాశాను, కార్డు నాదే, పంపించెయ్యండని. పోగొట్టుకున్నవాడు తన పేరు రుజువు చేసుకోవాలట. కార్డు మీద లేని పేరు నాదని ఎలా రుజువు చెయ్యను?

ఏం అడిగి ఉంటుందా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను. రోలు బీటలిచ్చిందని కొత్త రోలు తెప్పించాను. దాన్ని చూసి 'మంచిదే' అంది, మొహం మారలేదు. చీర తెచ్చాను. మడత విప్పకుండా పెట్టెలో పెట్టింది. గేదెకి పలుపుతాడు మార్చాను. చూరు నేయించాను. చివరికి నుయ్యి కూడా పూడిక తీయించాను. ప్రతిదానికీ గుమ్మంలోకి వచ్చి చూసి 'అది కాదు' అని లోపలికి పోతుంది. ఇంట్లో ఏ వస్తువు చూసినా ఇదేనేమో అనిపిస్తోంది.

సంచీ మోసే బుల్లియ్యని అడిగాను, నీ ఆవిడ నీతో ఏమైనా చెప్పాలనుకుంటే ఎలా చెబుతుందని. 'పీక పట్టుకు చెబుతదండి' అన్నాడు. అదృష్టవంతుడు.

భీమరాజు


రాజమహేంద్రవరం,
ఆగస్టు 3

చిరంజీవి తమ్ముడికి దీవెనలు. కాస్త జాలేసి ఇస్తున్నాను.

ఆలోచించగా ఆలోచించగా నాకు తట్టింది. రోలూ చీరా కాదురా. శ్రావణమాసం వస్తోంది. తణుకులో పుట్టింటికి వెళ్ళి రెండేళ్ళయింది దానికి. అదే రాసి ఉంటుంది. అది నోరు విడిచి అడిగేదాకా ఆగకు. నువ్వే పడవ మాట్లాడి, పెట్టె సర్దించి, సంతోషంగా పంపించు. ఇందులో సందేహం లేదు. నేనూ ఆడదాన్నే కదా.

మీ బావగారి కాలు బాగయింది. సోమవారం ఆఫీసుకి వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరగగానే తలుపు గడియ వేసుకుని గంటసేపు ఊరికే కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో! మధ్యాహ్నానికి మాత్రం, చారులో మిరియం వేస్తూ గుమ్మం వంక చూశాను. ఎవరూ లేరు. ఈ మాట ఆయనకి చెప్పకు.

సుబ్బాయమ్మ


వేములలంక,
ఆగస్టు 13

అక్కయ్యా, కొంప ముంచావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పడవ మాట్లాడాను. తనకి చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామని పెట్టె నేనే సర్దాను. సోమవారం పొద్దున్న పెట్టె తెచ్చి సరిగ్గా గీత మీద పెట్టి, 'పడవ సిద్ధంగా ఉంది, నువ్వింక మీ పుట్టింటికి వెళ్ళు' అన్నాను.

ఉత్తరాల కోసం వచ్చిన ఆరుగురి ఎదుట సూరమ్మ ఆ పెట్టె మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. 'కార్డు రాసినందుకు ఇంట్లోంచి పొమ్మంటారా? నన్ను తోలేసి ఇల్లంతా పోస్టాఫీసు చేసుకుంటారా?' అంది. మజ్జిగ తాగిన పదకొండుమందీ క్షణంలో పోగయ్యారు. అందరూ ఆవిడ వైపే. ఒక ముసలాయన నా ఎదుటే 'ఇంత చల్లని తల్లికి ఇలాంటి మొగుడేంట్రా' అన్నాడు. మునసబు పల్లంరాజుగారు తగువు తీర్చడానికి వచ్చి, తీర్చకుండా, 'ఇన్‌స్పెక్టరుగారు వచ్చే నెల మూడో తారీకున వస్తున్నారండి. ఇదంతా ఆయనకి చెప్పకపోతే పాపం కదండీ' అని వెళ్ళాడు.

పడవవాణ్ణి పంపేశాను. ఇప్పుడు రెండు పూటలా విస్తరి గీత మీద పెడుతోంది. అటు సగం, ఇటు సగం. నేను ఇటువైపు కూర్చుని తింటున్నాను. తను ఎప్పుడు తింటోందో నాకు తెలియదు.

పోస్టాఫీసు పోతుందని భయంగా ఉంది అక్కయ్యా. అబద్ధమెందుకు, చాలా భయంగా ఉంది. కానీ పొద్దున్న లేవగానే ముందు చూసేది డబ్బా కాదు, ఆ పెట్టె అక్కడ ఉందా లేదా అని. నిజంగానే పడవెక్కి వెళ్ళిపోతే నేను ఈ ముద్ర ఎవరి కోసం కొట్టుకోను?

భీమరాజు


రాజమహేంద్రవరం,
ఆగస్టు 20

తమ్ముడూ,

తప్పు నాదే. ఇక్కడ కూర్చుని అక్కడి మనసు నాకు తెలుసనుకున్నాను. ఇక సలహాలు చెప్పను. ఇది సలహా కాదు, అక్క మాట. ఉద్యోగం పోతే పోయింది. సంచీ వచ్చే వేళే అయినా సరే, తలపాగా తీసి మేకుకి తగిలించి, దాని పక్కన వంటింట్లో కింద కూర్చో. చేతికి ఏ పనిస్తే ఆ పని చెయ్యి. ఏం కావాలని అడగకు. ఊరికే కూర్చో.

మీ బావగారు కూడా ఇదే మాట అన్నారు. అంటే, నేనన్నాను, ఆయన తలూపారు.

సుబ్బాయమ్మ


వేములలంక,
సెప్టెంబరు 6, ఆదివారం

అక్కయ్యకీ బావగారికీ తమ్ముడి నమస్కారాలు.

గురువారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. వరసగా చెబుతాను.

నీ మాట తలుచుకుంటూ చాలా రోజులు జంకాను. చివరికి ఆ రోజు పొద్దున్నే, ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అని, తలపాగా మేకుకి తగిలించి గీత దాటి వంటింట్లో కూర్చున్నాను. సూరమ్మ కత్తిపీటా ఒక చేటెడు దొండకాయలూ ముందుకి తోసింది. తరుగుతున్నాను. ఒకటి సన్నం, ఒకటి లావు. 'నిలువుగా కాదు, చక్రాలు' అంది. రెండు నెలల్లో తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది. నాకు కళ్ళు చెమర్చాయి.

అంతలో సావిట్లో చెప్పుల చప్పుడు. 'పోస్టుమాస్టరెక్కడ?' అని గొంతు. పల్లంరాజుగారి గొంతు కూడా, 'నేను చెప్పలేదటండీ?' అంటూ. నేను లేచేలోపే ఇన్‌స్పెక్టరుగారు గుమ్మంలోకి వచ్చేశారు. బోడితలతో, ఒళ్ళో దొండకాయలతో సర్కారువారి ఎదుట కూర్చున్నాను.

ఆయన తిట్టలేదు. జేబులోంచి కార్డు తీశారు. మన కార్డే! 'మద్రాసు నుంచి వచ్చింది. రాసినవారినీ, అందుకోవలసినవారినీ కనుక్కుని నా చేత్తో ఇవ్వమని హుకుం. ఎవరు రాశారు?' అన్నారు.

తలుపు చాటునుంచి 'నేనేనండి' అంది సూరమ్మ.

'ఎవరికమ్మా? పేరు చెప్పాలి. రిజిస్టరులో రాసుకోవాలి.'

ఆవిడ చెప్పదు. నేను చెప్పబోతే, రాసినవారే చెప్పాలి, రూలు అన్నారు. పల్లంరాజుగారు చెప్పబోతే ఆయన్నీ ఆగమన్నారు. అందరం తలుపు వంక చూస్తూ ఉండిపోయాం. పొయ్యి మీద నూనె కాగిపోతోంది.

చివరికి సూరమ్మ కొంగు భుజాన కప్పుకుని బయటికి వచ్చి, తల దించుకుని, 'ఆ దొండకాయలు తరిగే ఆయనకండి' అంది.

ఇన్‌స్పెక్టరుగారు రిజిస్టరు తెరిచి అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసుకున్నారు. 'దొండకాయలు తరిగే ఆయన, వేములలంక' అన్న మాట పక్కన నేను చేవ్రాలు చేశాను. కార్డు నా చేతికి వచ్చింది.

ఆయన సావిడంతా తిరిగి చూశారు. డబ్బా, ముద్ర, రిజిస్టర్లు, ఎక్కడా తప్పు దొరకలేదు. గీత దగ్గర ఆగి, 'ఈ ముగ్గేమిటి?' అన్నారు. చెప్పాను. రూల్సు పుస్తకంలో గీత గీయమని ఎక్కడ ఉందని అడిగారు. వెతికాను అక్కయ్యా. మొదటి పుట నుంచి ఆఖరి పుట దాకా వెతికాను. ఎక్కడా లేదు! తలపాగా మాట కూడా లేదు. నేనే పెట్టుకున్నాను అంతా. పన్నెండు నుంచి రెండింటిదాకా ఆఫీసు మూసి అన్నం తినమని మాత్రం ఉంది. ఆ పుట నా కంటికి ఎలా తప్పిపోయిందో! పోస్టాఫీసు మనకే ఖాయం చేశారు. పల్లంరాజుగారు వెల్ల వేసిన కొట్టాంలో మళ్ళీ పశువుల్ని కట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఇన్‌స్పెక్టరుగారు రెండు లోటాల మజ్జిగ తాగారు.

అప్పుడు కార్డు తిప్పాను. ఈపాటికి నరసాపురం నుంచి మద్రాసు దాకా అందరూ చదివేశారు, నేను తప్ప. నువ్వూ చదువు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'వారికి నమస్కారాలు. ఆదివారం నాడు సంచీ రాదని బుల్లియ్య చెప్పాడు. అవకాశం ఉంటే ఆ రోజు మా ఇంటికి భోజనానికి రాగలరా? ఆవ పెట్టి కంద బచ్చలి చేస్తాను. మీతో కూర్చుని తిని చాలా రోజులైంది. తీరిక లేకపోతే కార్డు రాయండి. సూరమ్మ.'

కార్డు రాసింది జూలై ఆరున. అప్పట్నుంచి ఎనిమిది ఆదివారాలు గడిచాయి. ఎనిమిదింటికీ నా విస్తట్లో కంద బచ్చలి ఉంది. నేను తల వంచుకుని రూల్సు పుస్తకం చదువుకుంటూ తిన్నాను. ఒక్కసారి తలెత్తితే గుమ్మంలో నుంచుని కనిపించేదేమో.

గురువారమే ఒక కొత్త కార్డు తీసుకుని జవాబు రాశాను. నేనూ ఆవిడ పేరు రాయలేకపోయాను. 'మా ఇంట్లో ఆవిడకి' అని రాసి డబ్బాలో వేశాను. శుక్రవారం బుల్లియ్య పట్టుకెళ్ళి ఇచ్చాడు. వంటింట్లోంచి నవ్వు వినపడింది.

ఇంకా రాయవలసినవి చాలా ఉన్నాయి గానీ ఇక ఉంటాను అక్కయ్యా. లోపల విస్తళ్ళు వేస్తున్నారు, రెండు, పక్క పక్కన. అంత మర్యాదగా పిలిచినవాళ్ళింటికి ఆలస్యంగా వెళితే బాగుండదు.

భీమరాజు